పదో ఆటకు మొకం లేదు

పెద్దేముల్,
12-2-2024

బిడ్డా అశ్వినీ,

బాగున్నవా అని తర్వాత అడుగుత. ముందుగాల ఒక సంగతి చెప్పు. నిన్న ఐతారం పొద్దుగాల రైలుల తాండూరు దాక వచ్చి, దిగకుండ ముందటికి ఎందుకు పోయినవు? తాండూరు దాటినంక మనకు చుట్టాలు ఎవ్వలు లేరు. ఇంకో స్టేషన్ దాటితే కర్ణాటకనే.

చూసింది ఏసుదాసు. స్టేషన్ల పల్లీలు అమ్మే ఏసుదాసు నా దోస్తు, అబద్ధమాడడు. కిటికీ కాడ కూసున్నవట. పల్లీలు ఇయ్యబోయి పిలిస్తే పలకలేదట. సాయంత్రం వాపస్ వచ్చే రైలుల గూడ చూసిండు. అప్పుడూ దిగలే. ఫోన్ చేతిల పట్టుకొని చూస్తున్నవట. ఫోన్ల వెలుగు లేదట. ఆరిపోయిన ఫోన్‌ను ఎవలన్న అంతసేపు చూస్తరా?

సంగతేందో ఎరుక లేకున్నా, ఉత్తరమెందుకు ఫోన్ చెయ్యమంటది మీ నాయనమ్మ బుగ్గమ్మ. నా చెవులు పోయినయని లోకానికి ఎరుకే. నువ్వు అరవాలె, నేను అరవాలె, మీ నాయిన దశరథ్ వినాలె, వాకిట్ల పోయేటోళ్లు ఆగి వినాలె. అరవై రెండేండ్లకు రాత్రిబడిల అక్షరాలు నేర్చుకున్నది ఊరికే కాదు. ఈ ఉత్తరం నేనే రాసిన. ఎవ్వలతోని రాయించలే. పొద్దుగాల మొదలుపెడితే పొద్దు నెత్తి మీదికొచ్చింది.

ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. మగపిలగాడైతే మగపిలగాడని రాయి. అప్పైతే అప్పని రాయి. కోపం చేస్త, గని ముందైతే వింట.

మీ తాత
బిచ్చయ్య


వికారాబాద్,
21-2-2024

తాతా,

నీ ఉత్తరం ల్యాబ్‌కే వచ్చింది. ఒక ముసలమ్మకు రక్తం తీయడానికి నరం వెతుకుతుంటే పోస్టాయన తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీద ఉన్న రాత చూడగానే నీదేనని తెలిసింది. ఒక్కో అక్షరం గడ్డపారతో తవ్వినట్టుంది.

మగపిల్లవాడు లేడు. అప్పూ లేదు. నేను సేడం పోతున్నాను, నెలకు రెండు మూడు ఐతారాలు. అక్కడ స్టేషన్ బయట శాంతవ్వ అని ఒకామె జొన్నరొట్టెలు అమ్ముతుంది. ఆమె దుకాణంలో మూల బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో పత్తాలు ఆడతాను. పేకాటే తాతా, దాచేదేముంది. పోకర్ అంటారు. పైసలు పెట్టి ఆడే ఆటలు మన రాష్ట్రంలో బంద్. ఇక్కడ ఫోన్‌లో తెరిస్తే తెరుచుకోదు. సరిహద్దు దాటితే తెరుచుకుంటుంది. అందుకే రైలెక్కుతున్నాను.

శాంతవ్వకు తెలుగు రాదు, నాకు కన్నడం అంతంతే. పోగానే "ఊటా ఆయ్తా?" అంటుంది, తిన్నావా అని. రెండు రొట్టెలు తిని సాయంత్రం దాకా కూర్చున్నా ఏమీ అనదు. ఫోన్‌లో నేను పెళ్లి సంబంధాలు చూసుకుంటున్నానని ఆమె నమ్మకం.

పద్నాలుగు నెలల కింద జీతంలో మిగిలిన ఐదు వేలతో మొదలుపెట్టాను. అది అరవై వేల దాకా పోయింది. దొంగతనం కాదు, మోసం కాదు. ఆడి గెలిచినవే.

నీ ఊరి ముందు నుంచి పోతూ దిగకపోవడం తప్పే. నాన్నకు చెప్పకు.

అశ్విని


పెద్దేముల్,
1-3-2024

బిడ్డా,

పేకాట అని చదవంగనే కాగితం మడిచి గొంగడి కింద పెట్టిన. మేకకు నీళ్లు పెట్టి వచ్చి మళ్ల తీసిన. కోపం చేద్దామనుకున్న గని మూడుముక్కలు నేను గూడ ఆడినోన్నే. రెండు పొట్టేళ్లు గెలిచిన, ఒక పొట్టేలు, ఒక కొత్త గొంగడి పోగొట్టుకున్న. ఏమీ తెల్వని పెద్దమనిషి లెక్క నీకు నీతులు చెప్తే నా నాలికకే సిగ్గు.

అరవై వేలంటే ఇంకా నిద్ర పడుతలేదు. ఊర్ల పత్తాలాడినోళ్లంత ఇండ్లు గుల్ల చేసుకున్నోళ్లే. నీకొక్కదానికే ఎట్ల వచ్చినయి? అనుమానం గాదు, తెల్సుకోవాలె. పత్తాలు పంచేది ఎవలు? పంచెటోడు దొంగ పంపకం పంచితే ఎట్ల పట్టుకుంటవు? ఎదుటోని మొకం కనపడకుండ వాని చేతిల ఏమున్నదో ఎట్ల చెప్తవు? మేము మూడుముక్కలాడినప్పుడు వాని కనుబొమ్మ చూసి పైసలు పెడుతుంటిమి.

అన్ని వరుసగ రాయి. అర్థం కాదని ఏదీ విడిచిపెట్టకు. అర్థం కాకపోతే మళ్ల అడుగుత, నాకేం పని ఉన్నది.

బిచ్చయ్య


వికారాబాద్,
10-3-2024

తాతా,

నువ్వు కోపం చేస్తావని భయపడ్డాను. నువ్వేమో కొత్త బడికి పోయే పిల్లవాడిలా ప్రశ్నలు పంపావు.

ఆట ఇట్లా ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు పత్తాలు వస్తాయి, ఎవరివి వాళ్లకే కనపడతాయి. నడుమ అందరికీ కలిపి ఐదు పత్తాలు తెరుస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఒకటి. తెరిచినప్పుడల్లా ఇంకా పైసలు పెట్టాలి, లేదంటే విడిచెయ్యాలి. నీ రెండూ నడుమ ఐదూ కలిపి ఎవరికి మంచి ఐదు కుదిరితే వాళ్లది గెలుపు. పంచేది మనిషి కాదు, యంత్రం. మొకం కనపడదు గానీ ఎదుటివాడు ఎంతసేపు ఆలోచించి పెట్టాడో కనపడుతుంది. చప్పున పెట్టేవాడు ఒక రకం, ఆగి ఆగి పెట్టేవాడు ఇంకో రకం.

నాకెట్లా వచ్చాయంటే, పదింట ఎనిమిది ఆటలు నేను మొదట్లోనే విడిచేస్తాను. నా విద్య అంతా అంతే. మిగతావాళ్లకు విడవడం చేతకాదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. ఈ ఆటలో బల్లలుంటాయి. నేను ఆడేది ఐదు వందలతో కూర్చునే బల్ల. దాని పైన వెయ్యిది, రెండున్నర వేలది, ఆ పైన ఐదు వేలది. ఎంత బాగా ఆడేవాళ్లకైనా చెడ్డ నెలలు వస్తాయి కాబట్టి, ఏ బల్ల మీద కూర్చున్నా దానికి ముప్పై నలభై రెట్లు వెనుక ఉండాలంటారు. ఆ లెక్కన నాకు వెయ్యి బల్ల సరిపోతుంది. కానీ మనసంతా ఐదు వేల బల్ల మీదే ఉంది. పైసల కోసమని నువ్వనుకుంటావు. సగం అదే. మిగతా సగం, నేనెంతదాన్నో చూసుకోవాలని. చిన్నవాళ్ల మీద గెలిచి గెలిచి నాకేం తెలుస్తుంది?

నువ్వు అరవై గొర్రెల నుంచి రెండు వందలకు పోయినవాడివి. పెద్ద మందకు పోయే సమయం వచ్చిందని నీకెట్లా తెలిసింది?

ఇంకొకటి. నువ్వు గొర్రెలను నడిబజారు విడిచి ఊరి బయట ఒర్రె దారిన, వాగు వెంబడి తోలుకుపోతున్నావని నాయనమ్మ చెప్పింది. రెండింతల దూరమట. మోకాళ్లు నొస్తున్నాయంటూ అదేం పని?

అశ్విని


పెద్దేముల్,
19-3-2024

బిడ్డా,

నీ ఆట నేను, మీ నాయనమ్మ ఆడి చూసినం. తాండూరు పోయి పత్తాలు కొనుక్కొచ్చిన. పైసల బదులు చింతగింజలు. నువ్వు చెప్పినట్టు నేను పదింట ఎనిమిది విడిచిన. మీ నాయనమ్మ ఒక్కటి విడువలే. ఏం లేకున్నా పెడతది. "నీ చేతిల ఏమున్నదే?" అంటే "పెట్టి చూడు" అంటది. నావి నూరు గింజలు ఊడ్చుకపోయింది. పెండ్లైన కాడికెళ్లి ఆమె అంతే. విడిచే విద్య ఆమె మీద పనిచెయ్యదు, రాసి పెట్టుకో.

నువ్వు అడిగినదానికి జవాబు. సాయంత్రం మంద దొడ్డిలకు పోయేటప్పుడు నేను లెక్కపెట్టను. లెక్కపెట్టెటోడు బేరగాడు, కాపరి గాదు. తడిక కాడ నిలబడి చూస్త. చూడంగనే ఏది రాలేదో ఎరుకైతది. సగం చెవిది రాలే, కుంటిదాని పిల్ల రాలే, గట్ల. ఎన్ని తక్కువైనయి అనేది లెక్క. ఏది తక్కువైంది అనేది ఎరుక. లెక్కపెట్టకుండ ఎరుకైనంత కాలం మందకు ఇంకో నాలుగు కలుపుకోవచ్చు. వేళ్లు మడవాల్సి వచ్చిన దినం, నీకు ఆ మంద ఎక్కువైనట్టు.

నీకు ఒక పరీక్ష పెడుతున్న. నువ్వు ఆఖరుకు ఓడిపోయిన పది ఆటలు రాయి. ఎన్ని పైసలు పోయినయో నాకక్కరలేదు. నీ చేతిల ఏమున్నయి, వాని చేతిల ఏమున్నయి, ఎందుకు పోయింది. పుస్తకం చూడకుండ రాయాలె. పదింటికి పది చెప్తే పెద్ద బల్లకు పోవచ్చునేమో చూద్దం.

ఒర్రె దారిల గడ్డి బాగుంటది. గంతే.

బిచ్చయ్య


వికారాబాద్,
29-3-2024

తాతా,

ప్రమాణపూర్తిగా ఏమీ చూడకుండా రాస్తున్నాను.

నా చేతిలో రెండు రాజులు. ఎదుటివాడి దగ్గర ఒక ఆసు, ఒక పనికిరాని ఏడు. నడుమ నాలుగు పత్తాల దాకా నేనే గెలుపు. ఐదోది ఆసు పడింది. ఇందులో నా తప్పు లేదు, మళ్లీ వచ్చినా అట్లాగే ఆడతాను. ఇంకొకటి, తొమ్మిది పది పట్టుకుని వరుస కుదురుతుందని ఆశపడి ప్రతి పత్తాకూ పైసలు పెట్టాను. కుదరలేదు. అది పూర్తిగా నా తప్పు. మూడోది వింటే తిడతావు. ఒకడు "మేడమ్‌కు భయమైతుంది" అని ఆటలో రాశాడు. ఆ మాటకు రోషం వచ్చి ఏమీ లేకుండానే చివరిదాకా పోయాను. వాడి దగ్గర నిజంగానే మూడు రాణులున్నాయి. నాలుగోది శాంతవ్వ పుణ్యం. నేను ఆలోచిస్తుండగా రొట్టె ముక్క నోట్లో పెట్టబోయింది, వేలు తగిలి పైసలు పోయాయి. ఐదు, ఆరు రెండూ ఒకడితోనే. వాడు ఆగి ఆగి పెడితే దగ్గర ఏమీ లేనట్టని నేను కనిపెట్టాను, నేను కనిపెట్టానని వాడు కనిపెట్టాడు. ఏడోదాంట్లో నాకు జాకీల జత, వాడికి రాణుల జత, అంతే. ఎనిమిదోది గెలవాల్సిన ఆట, తొందరగా విడిచేశాను. తొమ్మిదోది మళ్లీ ఆ మేడమ్ అన్న మూడు రాణుల వాడే. ఈసారి వాడి దగ్గర ఏమీ లేదు, నేనే భయపడ్డాను.

పదోది కూడా పోయింది. ఎదుటివాడికి నాకంటే పెద్దది వచ్చింది.

పది రాశాను. నేను గెలిచినట్టేనా?

అశ్విని


పెద్దేముల్,
4-4-2024

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. ఆ రాణులోడు ఎవడోగని నాకు గూడ వాని మీద కోపమొచ్చింది. శాంతవ్వ రొట్టె సంగతికి మీ నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గింది. మీ నాయినకు చెప్పదులే, ఆమెకు ఎరుకైంది నా తప్పు గాదు, చింతగింజల కాడ చెప్పాల్సి వచ్చింది.

ఇగ పరీక్ష. తొమ్మిదింటికి మొకాలున్నయి. పదోదానికి మొకం లేదు. నీ చేతిల ఏమున్నయో రాయలే. వాని చేతిల ఏమున్నయో రాయలే. 'పెద్దది వచ్చింది' అంట. గొర్రె యాడ పోయిందిరా అంటే 'యాడికో పోయింది' అనెటోడు రెండు రకాలు. ఒకడు నిద్రపోయినోడు. ఇంకొకడు అమ్ముకున్నోడు.

నేను ఏసుదాసును మళ్ల అడిగిన. ఆ ఐతారం సాయంత్రం నీ మొకం ఎట్లుండె అని. 'పెద్దదవాఖాన్ల నుంచి వచ్చినట్టుండె' అన్నడు. తొమ్మిది ఆటలు ఇంత ఖుషీగ రాసిన పిల్ల ఆ దినం ఆరిపోయిన ఫోన్ పట్టుకొని ఎందుకు కూసున్నది?

పదోది ఏ బల్ల మీద పోయింది?

బిచ్చయ్య


వికారాబాద్,
9-4-2024

తాతా,

ఐదు వేల బల్ల మీద.

నిన్ను ఎప్పుడు పోవాలని అడిగేనాటికే నేను పోయి వచ్చాను. ఫిబ్రవరి పదకొండు, ఏసుదాసు చూసిన ఐతారమే. పొద్దున ఐదు వందల బల్ల మీద బాగా గెలిచాను. మధ్యాహ్నం ఏమనిపించిందో, పైకి పోయి కూర్చున్నాను. నాలుగుసార్లు కూర్చున్నాను. అరవై వేలు నలభై ఒక్క వేలైంది. పత్తాలు గుర్తు లేవు తాతా, నిజంగా లేవు. పత్తాల మీద చూపు నిలవలేదు. కింద మూలకు ఉన్న పైసల అంకె తగ్గుతుంటే దాన్నే చూశాను. వచ్చేటప్పుడు తాండూరులో దిగి నీ దగ్గరికి రావాలనుకున్నాను. దిగితే నా మొకం చూసి అడుగుతావని దిగలేదు.

అబద్ధం చెప్పలేదు గానీ నిజమూ చెప్పలేదు. ముందు అరవై వేలు మళ్లీ చేసి, అప్పుడు నవ్వుకుంటూ చెబుదామనుకున్నాను.

పద్నాలుగో తారీఖు ఐతారం పొద్దుటి రైలుకు పోతున్నాను. ఉన్న నలభై ఒక్క వేలూ పెద్ద బల్ల మీదికే తీసుకుపోతాను. ఐదు వందల బల్ల మీద పంతొమ్మిది వేలు మళ్లీ సంపాదించాలంటే దసరా దాటుతుంది. అక్కడైతే ఒక్క పూట. ఇప్పుడు కిందికి పోయి కూర్చుంటే, ఆ చిన్న బల్లవాళ్లంతా నన్ను పైన చూసినవాళ్లే. ఏమనుకుంటారు?

వచ్చాక అన్నీ రాస్తాను. కోపం చేయి, కానీ వచ్చాక.

అశ్విని


పెద్దేముల్,
13-4-2024
(ఏసుదాసు చేతికి)

బిడ్డా,

నీ ఉత్తరం నిన్న అందింది. పోస్టుల వేస్తే నీకు బుధవారం అందుతది. అందుకే ఏసుదాసు చేతికిస్తున్న. రైలు తాండూరుల ఆగంగనే కిటికీల నుంచి ఇస్తడు. సేడం దాక గంట లోపలే, చదువుకో.

పోవద్దని రాస్తలేను. నీ పైసలు, నీ పత్తాలు. నేను నీకు చెప్పిన ఒక అబద్ధం ఉన్నది, అది దిద్దుకోవాలె.

పదేండ్ల కింద నాతాన అరవై నాలుగు గొర్లుండె. ఒక పొద్దు హోటల్ కాడ చాయ తాగుతుంటే రాజేందర్ పటేల్ అన్నడు, "బిచ్చయ్యా, నీ మంద నా కంది చేను ఒక్క మూలకు గూడ సాలదు గదా" అని. చేన్ల మంద పెడితే చేనుకు ఎరువు, మనకు గింజలు. పెద్ద మందోళ్లనే ముందుగాల పిలుస్తరు. ఆయన నవ్వుకుంట అన్నడు, అది పెద్ద మాటేం గాదు. నాకే గుచ్చుకున్నది. వారం తిరగకముందే కర్ణాటక దిక్కు అంగడికి పోయి నూటయాభై పట్టుకొచ్చిన.

కొత్తగ తెచ్చిన జీవాలను పదిహేను దినాలు వేరే దొడ్డిల పెట్టాలె. రోగం ఉంటే అండ్లనే బయటపడ్తది. మా అయ్య చెప్పిండు, ఆయనకు వాళ్లయ్య చెప్పిండు. నేను పెట్టలే. ఆ పొద్దే రెండు వందల పద్నాలుగు ఒక్కటేసారి నడిబజార్ల నడవాలె, రాజేందర్ చూడాలె. చూసిండు. చాయ గిలాస కింద పెట్టి లేచి నిలబడ్డడు. గంత సంబురం నా పెండ్లిల గూడ లేకుండె. ఈ ముక్క మీ నాయనమ్మకు చదివి చెప్పకు.

పది దినాలకు పారుడు రోగం మొదలైంది. బొల్లి అని మన మందకు ముందు నడిచేది ఒకటుండె. మొకం మీద తెల్ల మచ్చ, నా చేతులల్ల పుట్టింది. అది మూడు దినాలు మందల లేదు. నాకు ఎరుక గాలే. నేను లెక్కపెట్టుకుంట ఉన్న. నూట తొంబై, నూట డెబ్బై, నూట నలభై. నాలుగో దినం గద్దలు తిరుగుతున్నయని ఒర్రెలకు పోతే దొరికింది. ఏది తక్కువైంది అనేది ఎరుక అని నీకు గొప్పగ రాసిన చూడు, అది నాకు గట్ల తెలిసొచ్చింది.

రోగం ఆగేసరికి డెబ్బై మిగిలినయి. డెబ్బై, బిడ్డా. మొదలు ఉన్నదాని కంటే ఆరు ఎక్కువే. ఆడనే ఆగి ఉంటే నేను మళ్ల మంచి కాపరినే. గని డెబ్బై గొర్లతోని నడిబజార్ల ఎట్ల నడవాలె? రెండు వందలు చూసిన కండ్లాయె అవి. ఎవ్వలు ఏమనలే, నేనే అనుకున్న. అరెకరం అమ్మి మళ్ల వంద తెచ్చిన. మళ్ల ఆ పొద్దే కలిపిన. ఇప్పుడు పదకొండు. మొదటిసారి నా గొర్లను రోగం తిన్నది. రెండోసారి తిన్నది రోగం గాదు.

మీ నాయినకు, ఊరికి 'దేవుని పని' అని చెప్పిన. నీకు గూడ అదే చెప్పిన. రెండు వందలు మళ్ల చేసి నవ్వుకుంట చెప్దామని నేను గూడ అనుకున్న.

పెద్ద బల్లకు ఎప్పుడు పోవాలె అని అడిగినవు. చిన్న బల్లకు వాపస్ వచ్చి కూసుండడానికి సిగ్గు కానప్పుడు పో. ఆ గుణం రాకముందు నీ తాన ముప్పై రెట్లున్నా, మూడు వందల రెట్లున్నా ఒక్కటే.

చదివి చించెయ్యి. వద్దు, ఉంచుకో.

మీ తాత
బిచ్చయ్య


పెద్దేముల్,
2-5-2024

అశ్వినీ,

ఏసుదాసు నీ చేతిల పెట్టినన్నడు. పెట్టిన సంగతి ఎరుకే. పెట్టినంక సంగతి ఎరుక లేదు. పద్దెనిమిది దినాలాయె. పోయినయంటే పోయినయని రాయి, వచ్చినయంటే వచ్చినయని రాయి. పోస్టాయన సైకిల్ మలుపు తిరగంగనే నేను లేచి నిలబడ్తున్న, ఊరోళ్లు నవ్వుతున్నరు.

బిచ్చయ్య


వికారాబాద్,
28-5-2024

తాతా,

ఆలస్యానికి కారణం ఉంది. సగం రాసి పంపితే మళ్లీ పదో ఆట లాగే ఉంటుందని ఆగాను.

ఆ పొద్దు ఏసుదాసు తాత కిటికీలోంచి ఉత్తరం, దాంతోపాటు పల్లీల పొట్లం ఇచ్చాడు. "చదివినంకనే తిను" అన్నాడు, నువ్వే చెప్పావట. రైలు కదిలాక ఒకసారి చదివాను. కర్ణాటకలోకి పోయాక ఇంకోసారి చదివాను. బొల్లి దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు దాని వెనుక నడిచినట్టు కొంచెం గుర్తుంది నాకు.

శాంతవ్వ "ఊటా ఆయ్తా?" అంది. తలూపి కూర్చున్నాను. నీకు అబద్ధం చెప్పను, ముందు ఐదు వేల బల్లనే తెరిచాను. వేలు దాని మీదే ఉంది. అప్పుడు నన్ను నేనే అడిగాను, ఇది పోతే సాయంత్రం ఐదు వందల బల్ల మీద కూర్చోగలనా అని. కూర్చోలేను. వికారాబాద్ పోయి ఇంకెక్కడినుంచైనా పైసలు తెచ్చి మళ్లీ ఇక్కడికే వస్తాను. నాకు అరెకరం లేదు గానీ మెడలో గొలుసు ఉంది. అది గుర్తుకొచ్చేసరికి ఆ బల్ల మూసేశాను.

కిందికి పోయి ఐదు వందల బల్ల మీద కూర్చున్నాను. కూర్చున్నానో లేదో ఆ రాణుల వాడే రాశాడు, "ఏంటి మేడమ్, దిగొచ్చారా?" అని. "అవును" అని రాశాను. పంతొమ్మిది వేలు పోయినప్పటి కంటే ఆ ఒక్క మాట కొట్టడం కష్టమైంది. వాడే రెండు ఆటలయ్యాక "నేను కూడా పోయిన నెల దిగొచ్చాను" అని రాశాడు. పేరు సుశాంత్ అట. ఎదురుగా ఉంటే నవ్వొచ్చేది.

తర్వాత నాలుగు ఐతారాలు పోయాను. సాయంత్రం రైల్లో ఆ పూట ఓడిపోయినవి మనసులో చెప్పుకుంటూ వచ్చాను. మొదట రెండు మూడు మొకం లేనివి ఉండేవి. పోయిన రెండు వారాలు అన్నిటికీ ఉన్నాయి. అందుకే మొన్నటి ఐతారం వెయ్యి బల్లకు పోయాను, ఐదు వేలది కాదు. మూడుసార్లు కూర్చునేంత పక్కన పెట్టుకున్నాను, అవి పోతే దిగాలని. రెండు పోయాయి. మూడోది సగంలో ఉండగా నాకు పత్తాలు కాక అంకె కనపడడం మొదలైంది. లేచి ఐదు వందల బల్లకు వచ్చేశాను. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఫికర్ లేకుండె. ఆ రెండూ ఏ పత్తాల దగ్గర పోయాయో నిద్రలో లేపి అడుగు, చెప్తాను. వచ్చే నెల మళ్లీ పోతాను. నేనెంతదాన్నో ఇంకా తెలియదు తాతా. తెలుసుకోవాలనే ఉంది. కానీ తొందర లేదు.

ఇప్పుడు నా పరీక్ష. ఒర్రె దారిలో గడ్డి బాగుంటుందని రాశావు. ఎండాకాలం కూడానా?

అశ్విని


పెద్దేముల్,
19-6-2024

బిడ్డా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలే. రాయడానికి నాతాన ఏం లేకుండె.

మొన్న సోమవారం మస్తు వాన పడ్డది. ఒర్రె పారుతున్నది. పారకున్నా అదే చేస్తుంటి, అది ముందుగాలనే రాస్తున్న, వానకు భయపడి చేసిండు అనుకోకు. పొద్దుగాల దొడ్డి తడిక తీసి పదకొండింటిని నడిబజారుకు తోలిన. మీ నాయనమ్మ వాకిట్ల నిలబడి ఏదో అన్నది, నాకు ఇనవడలే. ఇనవడకపోవుడే మంచిది.

పదకొండు గొర్లతోని బజారు ఎంత పొడుగున్నదో నీకు ఎరుక లేదు. రెండు వందలున్నప్పుడు చప్పున అయిపోయింది.

హోటల్ కాడ రాజేందర్ పటేల్ ఉన్నడు. ముసలోడైండు, నా లెక్కనే. చేతిల అదే చాయ గిలాస. మందను చూసిండు, వెనుక ఇంకా వస్తయేమోనని మలుపు దిక్కు చూసిండు. ఇంకేం రాలే. నా దగ్గరికొచ్చి చెవుల నోరు పెట్టి అరిచిండు.

"గివ్వేనా బిచ్చయ్యా?"

"గివ్వే."

"ఎన్ని?"

"లెక్కపెట్టలే. పేర్లు చెప్పాల్నా?"

నవ్విండు. "చెప్పు" అన్నడు.

నడి బజార్ల నిలబడి చెప్పిన. సగం చెవిది, కుంటిది, కుంటిదాని బిడ్డ, దొంగది, నల్లమూతిది, ఒక్కొక్కదాని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంట. వెనుక ట్రాక్టరోడు హారన్ కొట్టి కొట్టి పరేషాన్ అయిండట, నాకేం ఎరుక. ఆఖరుది పోయినేడు పుట్టింది. మొకం మీద తెల్ల మచ్చ. దాని పేరు చెప్పేటప్పటికి రాజేందర్ గిలాస కింద పెట్టిండు.

ఐతారం దిగుతవు గదా. సేడం పోయి వచ్చేటప్పుడైనా సరే, పోకముందైనా సరే. పత్తాలున్నయి. చింతగింజలు మాత్రం నాతాన ఐదే మిగిలినయి, కడమయన్ని మీ నాయనమ్మ గెలుచుకున్నది. ఐదింటితోనే కూసుంట.

మీ తాత
బిచ్చయ్య